వినకుండా ఇచ్చిన సమ్మతి

కొత్త ప్రాంతీయాధికారి బాధ్యతలు తీసుకున్నాక చేసిన మొదటి పని తన బల్లను తిప్పించడం.

అంతకుముందున్నాయన కిటికీకి ఎదురుగా కూర్చునేవాడు. ఈయన కిటికీని వీపు వెనక్కి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఎదురు కుర్చీలో ఎవరు కూర్చున్నా వెలుతురు నేరుగా వాళ్ళ మొహం మీద పడుతుంది. ఇద్దరు అటెండర్లు బల్లను మోసి, వైర్లు లాగి, పాత బల్ల కాళ్ళు తివాచీలో చేసిన గుంటలు కనపడకుండా చెత్తబుట్ట అడ్డం పెట్టారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న డిప్యూటీ పక్కవాడి చెవిలో అన్నాడు:

"మామూలు మనిషి కాదురా. వచ్చినవాడి మొహం చదివి మరీ పంపిస్తాడు."

ఆ మాట నిజమే. డిప్యూటీ అనుకున్న అర్థంలో మాత్రం కాదు.

ఆయనకు ఎడమ చెవి తొమ్మిదేళ్ళ కిందటే పోయింది. కుడి చెవి ఏటికేడాదీ తరిగిపోతోంది. అసలేమీ వినపడదని కాదు. మాటల్లోని అచ్చులు అందుతాయి, హల్లులు దారిలోనే రాలిపోతాయి. తలుపు, కలుపు, మలుపు ఆయన చెవికి ఒకటే. మిగిలింది ఎదుటివాడి పెదవులు చూసి పూడ్చుకోవాలి. ఈ సంగతి భార్యకు తెలుసు, ఒక చెవి డాక్టరుకు తెలుసు. బ్యాంకులో పిట్టకైనా తెలియదు. మీటింగుల్లో అందరూ మాట్లాడుతుంటే ఆయన ముందున్న కాగితం చదువుతూ కూర్చునేవాడు, ఆఖర్న ఎవరైనా తనవైపు చూస్తే తలూపేవాడు. జనం దాన్ని గాంభీర్యమనుకుని 'మౌనిగారు' అని పేరు పెట్టారు. నిండుకుండ, తొణకడు అని పైవాళ్ళు నివేదికల్లో రాశారు. ఆ కుండే ఇప్పుడు ముప్పైరెండు శాఖలకు పెద్దయి కూర్చుంది.

పలకరించడానికి వచ్చినవాళ్ళు వరసగా వచ్చి వెళ్ళారు. అందరితోనూ ఎలాగో గట్టెక్కాడు గాని, డిప్యూటీతోనే చిక్కొచ్చిపడింది. అతని మీసాలు పై పెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి మీదకు కూడా వాలుతుంటాయి. ఆ పొదలో ఏ మాట పుడుతోందో, ఏది చస్తోందో తెలిసే దారి లేదు. అతను పది నిమిషాలు ఏదో చెప్పాడు. ఆయన, "మీరు చెప్పిందంతా ఒక నోట్ రాసి పెట్టండి" అన్నాడు. డిప్యూటీ మొహం వికసించింది. ఇన్నాళ్ళకు తన మాటను కాగితం మీద అడిగిన అధికారి వచ్చాడనుకున్నాడు.

మధ్యాహ్నానికి బల్ల మీద ఫైళ్ళు చేరాయి. ఇక్కడ ఆయనకు ఏ భయమూ లేదు. కాగితం గొణగదు, మొహం తిప్పుకోదు. మూడో ఫైలు బజారు శాఖది. ఆ శాఖ మేనేజరు మీద ఖాతాదారు ఒకడు ఫిర్యాదు రాశాడు. జరిగింది ఇదీ: రెండు వారాల కిందట, శాఖ మూసే వేళకు గార్డు గుండె పట్టుకుని గుమ్మంలో కూలిపోయాడు. మేనేజరమ్మ అతన్ని తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వెళ్ళేముందు స్ట్రాంగ్ రూము తాళంచెవి హెడ్ క్యాషియరు చేతిలో పెట్టింది. ఆ గదికి రెండు తాళాలు. ఒకటి మేనేజరు దగ్గర, రెండోది క్యాషియరు దగ్గర. రెండు చెవులూ ఒకే చేతిలో పడకూడదన్నది బ్యాంకు పుట్టిన నాటి నియమం. నలభై నిమిషాలు ఆ రెండూ క్యాషియరు దగ్గరే ఉన్నాయి. పోయింది ఏమీ లేదు. గార్డు బతికాడు.

ఆయన ఫైలు రెండుసార్లు చదివి, సిరాకలంతో గుండ్రటి అక్షరాల్లో రాశాడు: 'నియమం తప్పిన మాట నిజం. పరిస్థితి అటువంటిది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మచ్చ లేదు. హెచ్చరికతో సరిపెట్టవచ్చు.' సంతకం పెట్టి హెడ్డాఫీసుకు పంపమన్నాడు. ఆ కుర్చీలో ఆయన రాసిన మొదటి అభిప్రాయం అది. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఒళ్ళు తేలికగా అనిపించింది.

మంగళవారం పదకొండింటికి జనరల్ మేనేజరుతో వీడియో సమావేశం. గోడ మీది పెద్ద తెరలో ఇరవై గళ్ళు, గడికో ప్రాంతీయాధికారి. డిప్యూటీ కాగితాలు పట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు. జనరల్ మేనేజరు బొమ్మ ఒక క్షణం కదిలి మరుక్షణం బిగుసుకుపోతోంది. మాట ముందు వస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి. ఆయన కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నాడు. వంతు చూపే పచ్చగీత తన గడి చుట్టూ వెలిగేసరికి తననే అడుగుతున్నారని తెలిసింది. జనరల్ మేనేజరు నోరు తెరిచినప్పుడు నవ్వుతున్నట్టు కనిపించింది. అందిన ముక్కలు ఏరుకున్నాడు. కొత్త, శాఖలు, మీరు, అభ్యంతరం. చివర్న సాగదీసిన ప్రశ్న. కొత్త చోట కుదురుకున్నారా, ఏమైనా ఇబ్బందా అనే అడుగుతున్నట్టుంది.

"సరే సార్. ఏ ఇబ్బందీ లేదు. మీరెలా అంటే అలాగే" అన్నాడు.

డిప్యూటీ కలం ఆగింది. అతను తలెత్తి ఆయనవైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. పచ్చగీత పక్క గడికి వెళ్ళిపోయింది. ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగాడు.

బుధవారం పది దాటాక స్టెనో ఉత్తర్వు తెచ్చి ముందు పెట్టింది. వయసులో ఆయనకంటే ఏడాది పెద్దది. మాటకు ముందు కళ్ళజోడు సవరించుకోవడం ఆమె అలవాటు. బజారు శాఖ మేనేజరును తక్షణం సస్పెండ్ చేస్తున్నట్టు ఉత్తర్వు. నియమాల విషయంలో బ్యాంకు ఎవరినీ ఉపేక్షించదని అన్ని శాఖలకూ తెలియాలట. రెండో పేరాలో ఉంది: 'సమావేశంలో ఈ ప్రతిపాదన ప్రాంతీయాధికారి ముందుంచగా, వారు తమ లిఖిత అభిప్రాయాన్ని పక్కనపెట్టి, ఏ అభ్యంతరమూ లేదని సమ్మతించారు.'

ఆయన ఆ వాక్యాన్ని వేలు పెట్టి మళ్ళీ చదివాడు. 'సమ్మతించారు' దగ్గర వేలు ఆగిపోయింది.

డిప్యూటీ లోపలికి వచ్చాడు. ఈసారి అతని మాట కొంత అందింది, ఎందుకంటే ఉత్సాహంతో గొంతు పెంచాడు.

"సార్, మీరు సోమవారం అలా రాసి, మంగళవారం ఇలా అనేసరికి నాకు మతి పోయింది. రాతలో ధర్మం, మాటలో పని. ఎవరికీ దొరకరు మీరు."

మెచ్చుకుంటున్నాడని ఆయనకు తెలిసింది. ఉత్తర్వును బోర్లా తిప్పి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య గిన్నెలు తోముతోంటే వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పాడు. ఆమె చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా వచ్చింది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఆమె ఎప్పుడూ ఎదురుగా వచ్చే మాట్లాడుతుంది, ఒక్కో మాటా విడదీసి.

"ముప్పైయేళ్ళుగా నా మాటకూ ఇలాగే సరే అంటున్నారు. నేనెవరికి చెప్పుకోను" అంది. ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వు చాలించింది. "వినపళ్ళేదని చెప్పేస్తారా?"

"చెబితే ఉంచుతారా? తొమ్మిదేళ్ళు దాచానని తేలుతుంది. మెడికల్ బోర్డుకు పంపుతారు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. "నిన్ననే మా అక్కకు ఫోన్ చేసి చెప్పా. మీ మరిది ఇప్పుడు ముప్పైరెండు బ్రాంచిలకు పెద్దని. అది అసూయతో రెండు నిమిషాలు మాట్లాడలేకపోయింది. నాకెంత హాయిగా ఉందో." కొంగు అంచు మడతపెడుతూ కూర్చుంది. "ఇంకా రెండేళ్ళే కదండీ సర్వీసు. ఇన్నాళ్ళు ఈది ఒడ్డు దగ్గర మునుగుతారా? లైను బాగాలేదని రాయండి. అబద్ధమేం కాదు, సగం నిజమే."

సగం నిజం అన్న మాట ఆయనకు ఊరట కలిగించింది. ఆ ఊరటకు సిగ్గు కూడా వేసింది.

గురువారం పొద్దున ఆయన వచ్చేసరికే మేనేజరమ్మ ఆఫీసు బయట బెంచీ మీద ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో సంచీ, సంచీ మీద చేతులు. ఆయన్ని చూసి లేచి నిలబడింది. లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. కిటికీ వెలుతురు ఆమె మొహం మీద పడాలి. కాని ఆమె తల వంచుకుని కూర్చుంది. చేతిరుమాలు నోటి దగ్గర పెట్టుకుని, బల్ల అంచుకు చెప్పుకుంటున్నట్టు మెల్లగా మొదలుపెట్టింది. ఆయనకు ఒక్క అక్షరం అందలేదు. ఆమె ఆగింది. జవాబు కోసం చూస్తోంది.

"మళ్ళీ ఒకసారి చెప్పండి" అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది, ఇంకా మెల్లగా. ఏడుపు ఆపుకుంటున్న గొంతు ఎప్పుడూ లోపలికే పోతుంది. ఆయన ముందుకు వంగాడు, కుడి చెవి తిప్పాడు. అచ్చులు మాత్రం గాలిలో తేలుతున్నాయి. తల ఊపుదామనుకున్నాడు. తల ఊపినందుకే కదా ఇక్కడిదాకా వచ్చింది అని మెడ బిగించుకున్నాడు.

"మరొక్కసారి. కొంచెం..."

ఆమె రుమాలు తీసేసింది. తలెత్తింది. ఆ మాటలు మాత్రం ఒక్కటీ పోకుండా ఆయనకు అందాయి.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటారు సార్? మొదటిసారికే నా పరువు పోయింది. మూడోసారికి మీకు కొత్తగా ఏమొస్తుంది?"

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆయన లేచాడు గాని బల్ల చుట్టి వచ్చేలోపు తలుపు మూసుకుంది.  తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

పావుగంట తర్వాత స్టెనో వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. గబగబా టైపు చేసిన పన్నెండు లైన్లు.

"ఆవిడ చెప్పింది సార్. తలుపు ఓరగా ఉంది. వినబడింది రాయడం నాకు అలవాటు."

ఆయన చదివాడు.

'గార్డు పడిపోయాడు. అంబులెన్సుకు అరగంట పడుతుందన్నారు. నా కారు గుమ్మంలోనే ఉంది. తాళంచెవి క్యాషియరు చేతిలో పెట్టి వెళ్ళాను. రేపు మళ్ళీ అలా జరిగితే మళ్ళీ అదే చేస్తాను. ఉద్యోగం అడుక్కోడానికి రాలేదు సార్. హెచ్చరిక చాలని మీరు రాశారని విన్నాను. అది విన్న రోజు మా ఇంట్లో అందరం అన్నం తిన్నాం. అలా రాసిన మనిషే ఎందుకు సరేనన్నాడో తెలుసుకుందామని వచ్చాను.'

చదివి కాగితాన్ని ఫైలు మీద పెట్టాడు. స్టెనో వెళ్ళలేదు.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

ఆమె కళ్ళజోడు సవరించుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "సోమవారమే సార్. మీ వెనకాల ఫైళ్ళ కట్ట జారిపడింది. హాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. మీరు సంతకం చేస్తూనే ఉన్నారు."

"ఎవరితోనైనా చెప్పారా?"

"నాకెందుకు సార్. అది మీరు చెప్పుకోవలసిన మాట."

అయినా ఆయన ముందు అబద్ధమే రాశాడు. భార్య చెప్పిన వాక్యం రాత్రి నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. 'మంగళవారం సాంకేతిక అంతరాయం వల్ల ప్రశ్న స్పష్టంగా వినబడలేదు గనుక నా సమ్మతిని పునఃపరిశీలించ ప్రార్థన.' పంపి, తెర ముందు కూర్చున్నాడు. అరగంటలో జవాబు వచ్చింది. రికార్డింగు విన్నారట. బొమ్మ ఆగినా శబ్దం స్పష్టంగా ఉందట. మిగతా పంతొమ్మిది మందికీ వినబడిందట. 'ఇచ్చిన మాటను వెనక్కు తీసుకోవడానికి సాకులు వెతకడం మీ స్థాయికి తగదు.' గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది.

ఆ సాయంత్రం ఆయన కారు ఎక్కలేదు. నడిచి వెళ్ళాడు. బజారు శాఖ ముందునుంచి వెళ్ళే దారి అది. షట్టరు సగం దించి ఉంది, లోపల కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి కాగితాలు సర్దుకుంటున్నాడు. గుమ్మంలో కుర్చీ మీద మరో గార్డు. రోడ్డు దాటుతోంటే ఒక లారీ ఆయన మోచేతిని రాసుకుంటున్నట్టు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి తిట్టాడు. హారను ఎంతసేపటినుంచి కొడుతున్నాడో ఏమో. మొహం చూస్తే చాలాసేపటినుంచే కొడుతున్నట్టుంది. ఆయన రోడ్డు దాటాడు. అవతలి అరుగు మీద కూలబడ్డాడు. ఒంటరిగా ఉన్నాడు గనుక దాచుకోలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. తన ఏడుపు తనకు వినపడలేదు.

శుక్రవారం స్టెనోను పిలిచి, తలుపు మూయమని, నిలబడే చెప్పాడు. ఆమె రాసుకుంది.

"మంగళవారం నేనిచ్చిన సమ్మతి ప్రశ్న వినకుండా ఇచ్చినది. నాకు ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి చాలావరకు వినపడదు. ఈ సంగతి తొమ్మిదేళ్ళుగా బ్యాంకుకు దాచాను. నిన్న నేను రాసిన కారణం అబద్ధం. నా అభిప్రాయం సోమవారం రాసినదే. దాని మీద చర్య తీసుకోండి. నా మీద ఏ చర్యకైనా సిద్ధం. అంతే. కింద 'ఇట్లు, మీ విధేయుడు' అని పెట్టండి."

స్టెనో కలం మూయకుండా అడిగింది. "కొంచెం మెత్తగా రాయమంటారా సార్?"

"వద్దమ్మా. మెత్తగా ఉంటే మళ్ళీ ఎటైనా వంచుకుంటా."

రాత్రి భార్యతో చెప్పాడు. ఆమె విని లేచింది. కంచం ముందు పెట్టి, వడ్డించి, తను తినకుండా వెళ్ళి పడుకుంది. రెండు రోజులు ఆ ఇంట్లో చెవులున్నవాళ్ళకైనా వినడానికి ఏమీ లేకపోయింది.

సోమవారం రెండు ఉత్తర్వులు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది, సమ్మతి చెల్లనందున బజారు శాఖ మేనేజరు సస్పెన్షన్ రద్దు, హెచ్చరికతో సరి. రెండోది, ప్రాంతీయాధికారి బాధ్యతలు డిప్యూటీకి అప్పగించి మెడికల్ బోర్డు ముందు హాజరు కావాలి. అంతవరకు రికార్డుల విభాగంలో కూర్చోవాలి. ఆ కుర్చీలో ఆయన కూర్చున్నది సరిగ్గా వారం.

అప్పగింతల కాగితం మీద సంతకాలయ్యాక డిప్యూటీ కుర్చీ ఆయనవైపు తిప్పుకున్నాడు. తర్వాత వేళ్ళతో మీసాలను రెండు పక్కలకూ తోసి పట్టుకుని, నోరు కనపడేలా పెట్టి అన్నాడు: "ముందే చెబితే గీయించేసేవాణ్ణి కదా సార్."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదొక్కటే.

రికార్డుల విభాగం కింది అంతస్తులో ఉంది. ఇనప బీరువాలు, ట్యూబులైటు, ఒక బల్ల. మర్నాడు మధ్యాహ్నం మేనేజరమ్మ అక్కడికే వచ్చింది. తన ఉత్తర్వు తీసుకోవడానికి పైకి వెళ్ళి, స్టెనో చెబితే దిగివచ్చింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఈసారి తల వంచుకోలేదు.

"వినబడుతోందా సార్?"

"మీరిలా మాట్లాడితే తెలుస్తుందమ్మా. ఆ రోజు... మిమ్మల్ని మూడుసార్లు అడిగింది అందుకే. క్షమించండి."

"పైన ఆవిడ చెప్పారు. నాకోసం కుర్చీ వదులుకున్నారని కూడా చెప్పారు. కృతజ్ఞతలు చెప్పి వెళ్దామనే దిగాను." ఆమె ఆగింది. చేతిలో కవరును బల్ల మీద పెట్టి దాని అంచు సరిచేసింది. "మెట్లు దిగుతుంటే వేరే సంగతి తోచింది. అడగొచ్చా?"

"అడగండి."

"తొమ్మిదేళ్ళన్నారు. నేను బెంచీ మీద కూర్చుని అడిగాను గనక నా సంగతి మీకు తెలిసింది. అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమంది సార్?"

ఆయన నోరు తెరిచాడు. ఒకటి అన్నా, పది అన్నా, లేరు అన్నా అబద్ధమే అవుతుంది.

"తెలీదమ్మా" అన్నాడు.

ఆమె తల పంకించింది. కోపంగా లేదు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత లేచి పైకి వెళ్ళి, బదిలీల కమిటీ పాత మినిట్సు ఎక్కడుంటాయని స్టెనోను అడిగాడు. ఆ కమిటీలో ఆయన తొమ్మిదేళ్ళు సభ్యుడు. ఆమె ఎందుకని అడగలేదు. కిందికి వచ్చి, చివరి బీరువా తాళం తీసి, ఏడాదికొకటి చొప్పున కట్టిన పుస్తకాల్లోంచి రెండు తెచ్చి దులిపి బల్ల మీద పెట్టింది.

మొదటి పుస్తకంలో ఆయన చదివిన పేజీలన్నిటా 'అందరూ అంగీకరించారు' అనే ఉంది. రెండో పుస్తకం సగంలో ఒక చోట ఆగిపోయాడు. ఒక హెడ్ క్యాషియరు బదిలీ. ఆ మనిషి ఎవరో ఆయనకు తెలుసు. అందరూ పొడుగాయన అనేవాళ్ళు. ఇద్దరూ ఒకే శాఖలో పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం తిన్నారు, ఒకరి గిన్నెలోది ఒకరు లాక్కుని. ఉన్నట్టుండి దూరపు శాఖకు బదిలీ అయి, వెళ్తున్నానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. రెండు ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. తనకు ప్రమోషన్ వచ్చిందన్న కడుపుమంట అని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఒకటి రెండుసార్లు నలుగురిలో అన్నాడు కూడా.

పేజీలో ఇలా ఉంది: 'తల్లి మంచాన ఉన్నందున ఏడాదిపాటు మినహాయింపు కోరారు. సదరు ఉద్యోగిని బాగా ఎరిగిన సభ్యులను, మినహాయింపు అవసరం లేదు కదా అని అడుగగా, వారు సరేనన్నారు. బదిలీ ఖరారైనది.'

బాగా ఎరిగిన సభ్యులు అంటే తనే. కింద ఆయన సంతకం ఉంది, గుండ్రటి అక్షరాల్లో. సంతకం పెట్టేటప్పుడు చదవలేదా అంటే, ఆ రోజు కాగితాలు చాలా ఉన్నాయేమో. గుర్తు రాలేదు.

స్టెనో ఆయన మొహం చూసి దగ్గరికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఈయన అడ్రసు దొరుకుతుందా అమ్మా?"

ఆమె పేజీ మీదికి వంగి పేరు చదివింది. నిటారుగా లేచి, ఆయన కళ్ళలోకి చూస్తూ, ప్రతి మాటా పెదవుల మీద నిలబెట్టి చెప్పింది. "రిటైరయ్యారు సార్. పెన్షన్ సెక్షనులో అడగాలి. ఉన్నారో లేరో కూడా వాళ్ళకే తెలుస్తుంది."

"కనుక్కోండి. ఉంటే నేనే వెళ్తాను."

ఆమె పేరు రాసుకుంది. చీటీ మడిచి వెళ్ళబోతూ ఉంటే ఆయన పిలిచాడు.

"ఇంకా ఎన్ని పుస్తకాలున్నాయి?"

"ఇంకా ఏడు సార్."

"అవీ తీసి పెట్టండి" అని ఆయన పేజీ తిప్పాడు.